చికోరీ కలిపిన అరకు కాఫీ

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చిలో ఆదివారం కాఫీ పెట్టేది నేనే. పెద్ద స్టీలు ఫిల్టర్, చికోరీ, చిక్కటి పాలు. బాగుందని అందరూ అంటుంటే విని విని, కాఫీ గురించి నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదనుకునే స్థితికి వచ్చాను. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే సగమే వినే అలవాటు ముందునుంచీ ఉంది. ఆ రెండింటి వల్లా మొన్న చలికాలంలో ఒక అమ్మాయి ఆశకు గండి పడబోయింది.

ఆ అమ్మాయిది అరకు దగ్గర కొండమీది ఊరు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ నాన్న తోటలో పండిన కాఫీ గింజలు ఒక ప్యాకెట్ తెచ్చి, ఆరాధనకు ముందు నా చేతిలో పెట్టింది. చాలాసేపు ఏదో చెప్పింది. నా చెవికెక్కింది "మా నాన్న తోటది అంకుల్" వరకే. మా చర్చి కిచెన్‌లోకి ఎవరు ఏది తెచ్చినా అది అందరికీ అన్నట్టే. మరీ లేతగా వేయించారని పెదవి విరిచి, గింజలన్నీ మిక్సీలో వేసి, చికోరీ కలిపేశాను. ఫిల్టర్ నిండిపోవడంతో చివరి వాయి మాత్రం ఏమీ కలపకుండా జార్‌లోనే ఉండిపోయింది.

సర్వీస్ అయ్యాక ఒక పెద్దాయన గుక్క తాగి ఆగాడు.

"ఏంటి బ్రదర్, ఇందులో చింతపండు పిండారా?"

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు.

"అంకుల్, నా ప్యాకెట్ ఏది?"

ఖాళీ కవరు చూపించాను. గింజలు కొని, వేయించి అమ్మే అమెరికన్ ఒకాయన ఆ రోజు దాని రుచి చూడ్డానికి చర్చికే వస్తున్నాడట. నచ్చితే వాళ్ళ నాన్న పంట తీసుకుంటాడట.

"పొద్దున చెప్పాను కదా అంకుల్! మీరు సరే సరే అన్నారు!"

అంతలో ఆయన కారు పార్కింగ్‌లో ఆగింది. ప్యాకెట్ ఎక్కడో పోయిందని చెప్పేద్దామా అనిపించింది, దాచుకోను. అమ్మాయి ముఖం చూశాక ఆ మాట నోట రాలేదు. ఆయన లోపలికి రాగానే, పాడుచేసింది నేనని చెప్పి, జార్‌లో మిగిలిన పొడి ముందు పెట్టాను.

వాసన చూసి, ధనియాల ఘాటు వస్తోందన్నాడు. నిజమే, మసాలా పొడులు కూడా ఆ జార్‌లోనే కొడతాం. పాలు లేకుండా ఉత్త వేడినీళ్ళు పోసి, చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రాడు. మళ్ళీ జుర్రాడు. నాకూ ఒక చెంచా ఇచ్చాడు. కాఫీకి పండు రుచి ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

"దీన్నిబట్టి కొంటానని చెప్పలేను. కానీ ఈ మసాలా వెనకాల మంచిదేదో ఉంది. వేయించని గింజలు తెప్పించండి, నేనే వేయించి చూస్తాను" అన్నాడు.

అమ్మాయి వెంటనే ఫోన్ తీసి వాయిస్ మెసేజ్ నొక్కి, నా ముందు పెట్టింది. "నాన్నకి మీరే చెప్పండి అంకుల్."

"బ్రదర్, మీరు పంపిన కాఫీ నేను పాడుచేశాను. క్షమించండి. దయచేసి ఇంకొంచెం పంపండి" అన్నాను.

ఆమె ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"నాన్నా, ఈసారి పచ్చి గింజలే కావాలట. రాళ్ళలా ఉంటాయిగా, అంకుల్ మిక్సీలో వేయలేరులే."