వెనక వరుసలో ఎవరో

ఒక్క మనిషి, ఒక్క మధ్యాహ్నం, ఒకే ఒక్క వాక్యంతో అరవై కుటుంబాలున్న సంఘం మొత్తం తల దించుకునేలా చేయగలడా అని మీకు ఎప్పుడైనా అనుమానం వస్తే నన్నడగండి. చేయగలడు. పైగా అదంతా సేవ అనుకుంటూ, కాలరు ఎగరేసుకుంటూ చేయగలడు. ఆ వాక్యం రాసిన మహానుభావుణ్ణి నేనే. ఇప్పటికీ వీడియో కింద అక్షరాలు కదులుతుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నేను అమెరికాలోని మోరిస్‌విల్‌కి వచ్చి నాలుగు నెలలు. మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతకడమే ఉద్యోగం కాబట్టి, నా దగ్గర తప్పులుండవని నాకు గట్టి నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చికి వెళ్ళేవాణ్ణి. పొద్దున ఆ బిల్డింగు అమెరికన్లది. వాళ్ళు ఖాళీ చేశాక ఒంటిగంటన్నరకి మాది మొదలు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా హాల్లో ఉండగానే మావాళ్ళు కార్ల డిక్కీల్లోంచి పలావు గిన్నెలు దించేవారు. ఆ రెండూ కలిసిన వాసన తర్వాత నాకు మరే చర్చిలోనూ తగల్లేదు.

పాటల స్లైడ్లు తిప్పడం నా పని. ముందు వరుస, స్పీకర్ పక్కన కుర్చీ. వెనక ఏం జరుగుతోందో కనపడదు, వినపడదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. నా తరఫు వాదనంతా దీనిమీదే నిలబడింది.

ఇక మార్తా ఆంటీ. ఆవిడది బాపట్ల. అరవై దాటిన మనిషి. ఒక అపార్ట్‌మెంట్‌లో పదిమందితో సంఘం మొదలైన రోజు నుంచి పాట ఎత్తుకునేది ఆవిడేనట. రెండేళ్ళ కిందట వినికిడి పోయింది. చెవికి మిషన్ పెట్టుకున్నా హాల్లో హోరు తప్ప మాట తెలిసేది కాదు. అప్పుడే క్వైర్ మానేసి, చిట్టచివరి వరుసకి వెళ్ళి కూర్చున్నారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేవారు. మొదటిసారి నన్ను చూసి అన్న మాట ఇప్పటికీ గుర్తే: "ఏంది నాయనా, నీ మీసం నీ మాటకి అడ్డమొస్తంది. కాస్త కత్తిరించు." మర్నాడే కత్తిరించాను.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ పాస్టర్ గారితో చెప్పేశారు.

"వచ్చే నెల నుంచి నేను రానండి."

"అదేంటమ్మా, అంత మాటన్నారు?"

"ఏం చెయ్యను మరి? మీరేమో తల వంచుకుని బైబిల్ చూస్తా మాట్లాడతారు. నాకు మీ నడినెత్తి తప్ప నోరు కనపడదు. చెవిటిదాని ముందు శంఖం ఊదితే ఎంత, ఊదకపోతే ఎంత? ఇంటికాడ కూర్చుని ప్రార్థన చేసుకుంటా."

పాస్టర్ గారి మొహం వాడిపోయింది. ఆవిడ లేని సంఘం ఆయన ఊహకి అందే విషయం కాదు. చుట్టూ చూశారు, నా దగ్గర చూపు ఆగింది.

"సునీలూ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా?"

అమెరికాలో తెలుగువాణ్ణి ఈ ప్రశ్న అడిగారంటే, తర్వాత వచ్చేది ప్రింటర్ రిపేరైనా అయి ఉంటుంది, వెబ్‌సైట్ అయినా అయి ఉంటుంది. నాకు వెబ్‌సైట్ వచ్చింది.

"సర్వీస్ మొత్తం వీడియో తీసి మన సైట్‌లో పెట్టి, కింద అక్షరాలు వచ్చేలా చేయగలవా? ఆంటీ ఇంట్లో చదువుకుంటారు. అప్పుడు కాస్త రావాలని కూడా అనిపిస్తుందేమో."

"క్యాప్షన్లా? అది నా ఫీల్డే కదా పాస్టర్ గారూ!" అన్నాను.

నా ఫీల్డ్ కాదు. చూడలేనివాళ్ళకీ వినలేనివాళ్ళకీ వెబ్‌సైట్లు ఎలా కట్టాలో మా ఆఫీసులో ఒక గంట ట్రైనింగ్ ఇచ్చారు. దానికి వెళ్ళొచ్చాను, అంతే. గంటసేపు ఈతకొలను గట్టున కూర్చున్నవాడు సముద్రం మీద లెక్చరిచ్చినట్టు ఉంది నా వాలకం.

మొదటి వీడియో చర్చి సైట్‌లో ఎక్కించాను. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో తెరిచినవాళ్ళకి మాత్రం పాస్టర్ గారు సగమే వచ్చారు. ఎడం చెయ్యి, ఎడం చెవి, సగం టై. వెడల్పు సరిచేసి, ఆయన్ని పూర్తిగా తెరమీదికి తెచ్చి, క్యాప్షన్లు వాటంతట అవే వచ్చే మీట నొక్కాను. ఆ యంత్రానికి అప్పట్లో తెలుగు రాదు. రాదని చెప్పే వినయమూ లేదు. వినపడిన ప్రతి తెలుగు మాటనీ ఇంగ్లీషు అనుకుని రాసుకుంటూ పోయింది.

తర్వాతి ఆదివారం మార్తా ఆంటీ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఏందబ్బాయ్ ఇది? పాస్టర్ గారు ప్రసంగమంతా లంచ్ గురించే చెప్పారా?"

చూస్తే, ఆయన 'ప్రభువు మనలను' అన్నచోటల్లా అది 'ప్రాబబ్లీ మై లంచ్' అని రాసింది. ఆయన అరగంటలో ఆ మాట చాలాసార్లు అన్నారు.

"ఈసారి నేనే చేత్తో టైపు చేస్తానాంటీ. ఒక్క శబ్దం కూడా వదలను. మీకోసం!" అన్నాను, పెదాలు బాగా కదుపుతూ.

"ఒక్క శబ్దం కూడానా?" అన్నారావిడ నవ్వుతూ. "సరే చూద్దాం. ఈ ఒక్కటి చూసి చెబుతా, వచ్చేదీ మానేదీ."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వాలంటీరు పొద్దే కాదు, హద్దు కూడా ఎరగడు. ట్రైనింగ్‌లో నాకు బాగా నచ్చిన సూత్రం ఒకటుంది: వినగలిగేవాళ్ళకి ఏమేం వినపడుతుందో అదంతా వినలేనివాళ్ళకీ అందాలి. మాటలే కాదు, చప్పుళ్ళు కూడా. బ్రాకెట్లో రాయాలి. తలుపు చప్పుడైతే తలుపు చప్పుడని, నవ్వితే నవ్వని. ఆ శనివారం పొద్దున్నే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మామూలు మనిషైతే ప్రసంగం రాసి లేచిపోయేవాడు. నేను మాత్రం, చెవులున్నవాళ్ళకి దక్కినది మార్తా ఆంటీకి దక్కకపోవడం ఎంత అన్యాయం అనుకుంటూ, ప్రతి దగ్గునీ పట్టుకున్నాను. సాయంత్రానికి అయింది. అంత తృప్తిగా నేను ఏ పనీ చేయలేదు, ఆ ముందూ తర్వాతా.

"ముందు ఒకసారి చూస్తారా పాస్టర్ గారూ?" అని ఫోన్ చేసి అడిగాను కూడా.

"వద్దు నాయనా, నీమీద నమ్మకముంది" అన్నారాయన. పాపం.

మర్నాడు భోజనాలు అవుతుండగానే ఫెలోషిప్ హాల్లో పెద్ద తెరమీద సైట్ తెరిచాం. అందరి చేతుల్లో పలావు ప్లేట్లు. మార్తా ఆంటీకి ముందు కుర్చీ వేశాం. వీడియో నొక్కాను. కింద తెలుగు అక్షరాలు, ఒక్కొక్కటీ వేలెడంత.

[పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు]

[మళ్ళీ సవరించుకున్నారు]

[మైకు కీచుమంది]

జనం నవ్వారు. పాస్టర్ గారూ నవ్వారు, గొంతు సవరించుకుని మరీ. ఆ వారం ప్రసంగం మెలకువగా ఉండడం గురించి. ఆయన మంచి ఊపులో ఉండగా కింద వచ్చింది:

[రెండో వరుసలో గురక]

[గురక ఆగింది. "ఆమేన్" అన్నారు. మళ్ళీ మొదలైంది]

హాలు గొల్లుమంది. రెండో వరుసలో శాశ్వత సభ్యుడు ఒక్కరే, సంఘపెద్ద ప్రేమ్‌కుమార్ అంకుల్.

"ఏం తమ్ముడూ," అన్నారాయన నా పక్కకి వచ్చి, "మనిషన్నాక కాసేపు కళ్ళు మూసుకుని ధ్యానం చేసుకోకూడదా?"

"కళ్ళ గురించి నేనేమీ రాయలేదంకుల్. వినపడిందే రాశాను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అదే ఉన్నమాట పన్నెండడుగుల తెరమీద రాస్తే ఎంత ఉలుకో ఆయన మొహంలో చూశాను. అయినా నాకు లెక్కలేదు. ఎందుకంటే మార్తా ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "అబ్బ! ఎన్నాళ్ళకి మన చర్చి వినపడిందయ్యా!" అన్నారు గట్టిగా. ఆ మాటకి నేను నేలమీద లేను. ఆవిడ ఇక మానరు, మానకుండా ఆపినవాణ్ణి నేనే అనుకున్నాను.

అప్పుడు పాట మొదలైంది.

[వెనక వరుసలో ఎవరో శ్రుతి తప్పి, అందరికన్నా గట్టిగా పాడుతున్నారు]

హాల్లో నవ్వు టక్కున ఆగిపోయింది. నాకర్థం కాలేదు. అన్నిటికన్నా పెద్ద జోకు ఇదే కదా అనుకున్నాను.

[ఇంకా పాడుతున్నారు]

[పాట అయిపోయింది. ఆవిడ ఇంకో లైను పాడారు]

మార్తా ఆంటీ ఇంకా నవ్వుతూనే వెనక్కి తిరిగారు. "ఎవరది? పాపం, ఎవరూ చెప్పలేదా ఆ పిల్లకి?"

అరవై కుటుంబాలు ఒక్కసారిగా పలావులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాయి. పాస్టర్ గారు కింద నేలని చదువుతున్నారు. మాట్లాడే ధైర్యం ఒక్కడికే ఉంది. తెలివిలేనివాడికి ఉండే ధైర్యం అది.

"తెలీదాంటీ!" అన్నాను హుషారుగా. "నేను ముందుంటాను కదా, నాకెప్పుడూ వినపళ్ళేదు. కెమెరా పక్కనే కూర్చున్నట్టున్నారు ఎవరో."

ప్రేమ్‌కుమార్ అంకుల్ నా మోచెయ్యి గిల్లారు. గురక పగ తీర్చుకుంటున్నారనుకున్నాను.

"కెమెరా ఎక్కడ పెట్టావు?"

ఆవిడకి స్పష్టంగా అర్థం కావాలని, మీసం అడ్డురాని పెదాలతో, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. "చి-వ-రి వ-రు-స ప-క్క-న."

ఆవిడ నవ్వు నెమ్మదిగా తగ్గింది.

"చివరి వరుసలో కూర్చునేది నేనొక్కదాన్నే కదా" అన్నారు.

కాళ్ళ కింద నేల కదిలింది అని పుస్తకాల్లో చదివేవాణ్ణి. అతిశయోక్తి అనుకునేవాణ్ణి. కాదు.

ఆవిడ అందరినీ ఒకసారి కలియజూశారు. "రెండేళ్ళ నుంచీనా?"

ప్రేమ్‌కుమార్ అంకుల్ చేతిలో ప్లేటు కింద పెట్టేశారు.

"ప్రతి ఆదివారం అడిగా కదయ్యా, నా గొంతెట్టా ఉందని? బాగుందాంటీ, బాగుందాంటీ అని చెప్పారే! ఇంతమంది రక్షణ పొందిన విశ్వాసులు కలిసి రెండేళ్ళు అబద్ధమాడారా?"

పాస్టర్ గారు నోరు తెరిచారు. మళ్ళీ గొంతు సవరించుకుని మూసేశారు. ఆవిడ చేతిసంచీ తీసుకుని బయటికి నడిచారు.

నేను లాప్‌టాప్ మీద పడి వీడియో తీసెయ్యబోయాను. పాస్టర్ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అది తర్వాత. ముందు ఆవిడ దగ్గరికెళ్ళు" అన్నారు.

పరిగెత్తాను. ఆ పరుగులో నాకు తట్టింది. ఆ సంఘంలో గొంతున్న ప్రతివాడూ ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాడే. వాళ్ళు చెప్పనిది పిరికితనంతో కాదు. ఆవిడకి మిగిలిన ఒక్క సంతోషాన్ని అందరూ కలిసి రెండేళ్ళు చేతులడ్డం పెట్టి కాపాడుకొచ్చారు. నాలుగు నెలల కిందట వచ్చినవాణ్ణి, ఒక్క బ్రాకెట్‌తో ఆర్పేశాను. అంత సిగ్గు నేను జీవితంలో మళ్ళీ పడలేదు.

ఆవిడ పార్కింగ్‌లో కారు పక్కన నిలబడి ఉన్నారు. ఎదురుగా వెళ్ళి, మొహం కనపడేలా నిలబడ్డాను. "సారీ ఆంటీ" అందామంటే పెదాలు వణికి మాట రాలేదు.

"సరిగ్గా మాట్లాడు. అర్థం కావట్లా" అన్నారు.

"సారీ ఆంటీ. అదిప్పుడే తీసేస్తాను. సైట్ మొత్తం తీసేస్తాను. మీరు మాత్రం మానకండి."

ఆవిడ కారు తాళం మళ్ళీ సంచీలో వేసుకున్నారు.

"పాట అయిపోయినాక నిజంగానే ఇంకో లైను పాడానా?"

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో. కానీ ఆవిడ నా నోరే చూస్తున్నారు. "పాడారాంటీ."

భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. కారు మీద చెయ్యి వేసుకుని మరీ నవ్వుతున్నారు.

"వచ్చే ఆదివారం నీ పక్కన కూర్చుంటా. పాట అయిపోగానే చెయ్యెత్తు, ఆపేస్తా. శ్రుతి మాత్రం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఆయన వింటాడులే" అని పైకి చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఆ లైను తీసెయ్యనా ఆంటీ?"

"తీసెయ్యొద్దు. ఉన్నదే కదా రాశావు. కానీ నువ్వు రాసిన దాంట్లో ఒక పెద్ద తప్పుంది."

"ఏంటాంటీ?"

నవ్వు ఆపి, వేలు చూపించి అన్నారు. "'ఎవరో' ఏంది? ముప్పై ఏళ్ళు పాడినదాన్ని. పేరు రాయి!"

ఆ సాయంత్రమే సరిచేశాను: [వెనక వరుసలో మార్తా ఆంటీ శ్రుతి తప్పి, అందరికన్నా గట్టిగా పాడుతున్నారు]. ఎవరు పలుకుతున్నారో పేరు రాసి తీరాలన్నది క్యాప్షన్లలో మొదటి నియమమట. ఆ గంట ట్రైనింగ్‌లో చెప్పారట కూడా. నేనప్పుడు కాఫీకి వెళ్ళాను.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరి గురకనైనా, దగ్గునైనా, అపస్వరాన్నైనా రాస్తానేమో గానీ, పాడే మనిషిని మాత్రం ఇంకెప్పుడూ 'ఎవరో' అనను.