పావురాల జంట, పురుగుల మందు డబ్బా

ఇది మా వంశాన్ని ముంచిన జలప్రళయం కథ. ఆకాశం బద్దలైంది, భూమి కంపించింది... అని మొదలుపెడితే బాగుంటుంది గానీ, అంత లేదు. పటాన్‌చెరు చర్చి పక్క గదిలో ఒక మధ్యాహ్నం నేను నోరు తెరిచాను. అంతే. నష్టం మాత్రం ప్రళయానికేం తీసిపోలేదు.

మా స్టెల్లా మేనత్తకు కోర్టులో విడాకులయ్యాయి. ముత్తంగి గోదాములో పనిచేసే ఆంథోనీ, భార్య పోయిన మనిషి, ఆమెను చేసుకోవడానికి సిద్ధం. కానీ మా క్యాథలిక్కులకు కోర్టు కాగితం సగం టికెట్టే. మొదటి పెళ్లి అసలు చెల్లనే లేదని చర్చి కూడా ఒప్పుకోవాలి. లేదంటే గుడిలో రెండో పెళ్లి కుదరదు, బయట చేసుకుంటే పూజలో ఫాదర్ నోట్లో పెట్టే దివ్యసత్ప్రసాదం దక్కదు. అత్త వాదన ఒక్కటే: తాత బెదిరించి పెళ్లి చేశాడని. సాక్షులం నాయనమ్మా, ఆనాడు ఉంగరాల పళ్లెం మోసిన నేనూ.

నాయనమ్మ ముందే చేతులెత్తేసింది. "సచ్చిపోయినాయన మీద సాడీలు చెప్ప. ఫాదర్ అడిగితే నాకు చెవుడని చెప్త."

ఇక అత్త ఆశంతా నా మీదే. పాపం.

బయల్దేరుతుంటే అమ్మ అంది: "అరేయ్, విచారణల మన పరువు తియ్యకు. జెర మంచిగ మాట్లాడు."

ఇక్కడే కొంప మునిగింది. మా చర్చి భాషలో పారిష్‌ను 'విచారణ' అంటారు. చర్చి జనం ముందు వాగొద్దని అమ్మ ఉద్దేశం. ఫాదర్ చేసే విచారణలో ఇంటి పరువు కాపాడమని నా తెలివి.

బిషప్ ఆఫీసు నుంచి వచ్చిన ఫాదర్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

"పెళ్లినాడు మీ అత్త ఎట్లుండె?"

"మస్తు సంతోషంగ ఉండె ఫాదర్."

పెన్ను ఆగింది. "ఏడ్వలేదా?"

"ఏడ్చింది. ఆనంద బాష్పాలు."

"ఎంతసేపు?"

"పొద్దటి సంది."

"గదికి బయటికెళ్లి గొళ్లెం పెట్టిండ్రంట?"

"తలుపు గాలికి కొట్టుకుంటుండె ఫాదర్."

"మీ తాత పురుగుల మందు డబ్బా పట్టుకొని కూసున్నడంట?"

"మాకు పత్తి చేను ఉండె ఫాదర్."

"పెండ్లి బట్టలల్లనా?"

"పని రాక్షసుడు ఫాదర్."

నేను పరువు కాపాడుతున్నకొద్దీ అత్త రెండో పెళ్లి జిన్నారం కెమికల్ కంపెనీ పొగలా గాల్లో కలిసిపోతోంది. నాకేమో దంచేస్తున్నానని గర్వం. ఆఖరి దెబ్బ కూడా కొట్టాను: "గసొంటి జంటను మళ్ల సూడలే ఫాదర్. పావురాలే!"

అప్పుడు వరండాలో తన వంతు కోసం కూర్చున్న నాయనమ్మ, ఆ చెవిటి నాయనమ్మే, కిటికీ ఊచలు పట్టుకుని లేచింది.

"పావురాలా? నీ నోట్ల మన్నువడ! ఫాదర్, వీడు పచ్చి అబద్దాలకోరు! మా ముసలోడు మందు డబ్బ మూత తీసి, 'ఒప్పుకుంటవా, తాగాల్నా' అన్నడు. గొళ్లెం నేనే పెట్టిన. గుళ్లె 'సమ్మతమే' అననీకి ఎనకకెళ్లి గిచ్చింది సుత నేనే!"

"అమ్మా, జెర మెల్లగ. రాసుకుంటున్న."

"రాసుకో నాయినా. యాడ గిచ్చిన్నో గది గూడ చెప్త."

బయట అత్త చెప్పు చేతిలోకి తీసుకుంది. "అరేయ్, నువ్వు నా సాక్షివా, ఆ మొదటి మొగని సాక్షివా?"

"అత్తా, ముసల్దానితోని నిజం చెప్పిచ్చింది నేనే గదా!"

చెప్పు ఆగలేదు.

చాలా నెలలకు తీర్పొచ్చింది. ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లలేదట. నాయనమ్మకు ఒకటే అనుమానం: "పెండ్లే కాలేదా? మరి గా దావత్‌ల కోసిన పొట్టేళ్లను ఎవడు తిన్నడు?"

కనుక సకల పునీతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ జంటనూ, ఏ ఫాదర్ ముందూ, పావురాలతో పోల్చను. అవసరమైతే కోళ్ల దగ్గరే ఆగిపోతాను.

అత్తకూ ఆంథోనీ మామకూ గుడిలోనే పెళ్లయింది. ముత్తంగిలో ఉంటున్నారు. జలప్రళయం మాట దేవుడెరుగు, అక్కడ నీళ్ల ట్యాంకరే రోజు విడిచి రోజు వస్తుంది.