దసరాకు తోమిన పిస్తోలు

మా అర్బాబ్ పిస్తోలు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్ళాడంటే మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. అర్బాబ్ అంటే యజమాని. నాకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఆయనే. షార్జాలో ఆయన మెషీన్ షాపులో మిల్లింగ్ మెషీన్ నడిపేవాణ్ణి. బాలానగర్‌లో పదేళ్ళు, షార్జాలో ఐదేళ్ళు ఇనుము కోసిన చేతులివి. 2007లో జెబెల్ అలీలో అచ్చులు, పనిముట్లు చేసే ఒక టూల్ రూమువాళ్ళు నన్ను ఫోర్‌మన్‌గా రమ్మన్నారు. అర్బాబ్ రిలీజ్ కాగితం మీద సంతకం పెడితేనే వెళ్ళగలను. పెట్టకపోతే వీసా రద్దు, ఆర్నెల్ల బ్యాన్, ఇంటికి. ఆ కాగితం టైపు చేయించి నెలన్నరగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అడిగినప్పుడల్లా "ఇన్షా అల్లా" అనేవాడు.

ఒకరోజు తనే పిలిచాడు. కల్బాలో ఒక ముసలాయన, తండ్రి దాచుకున్న రెండు పాత జర్మనీ పిస్తోళ్ళు అమ్ముతున్నాడట. మోడల్ ఒకటే, తయారైన కాలాలు వేరు. లైసెన్సు, పోలీసు కాగితాలు అన్నీ సిద్ధం.

"తుమ్ లోహా పహచాన్తా. అచ్ఛా వాలా బతావ్, మై సైన్ కరేగా" అన్నాడు.

ఇనుమును గుర్తుపట్టేవాణ్ణి కనక మంచిదేదో చెబితే సంతకం పెడతాడట! పిస్తోలును నేను సినిమాల్లో తప్ప చూసిన పాపాన పోలేదు. అయినా తగుదునమ్మా అని తలూపాను. ఆ సంతకం కోసం ఒంటె పళ్ళు లెక్కపెట్టమన్నా పెట్టేవాణ్ణి.

శుక్రవారం నమాజు అయ్యాక వెళ్ళాం. ముసలాయన చాప మీద తువ్వాలు పరిచి రెండూ పెట్టాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది. రెండోది అంచుల్లో పూత అరిగి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలతో దిగాలుగా ఉంది. అర్బాబ్ చెయ్యి నేరుగా నిగనిగలాడే దానిమీదికే పోయింది.

నేను జేబులోంచి భూతద్దం తీశాను. నిగనిగలాడేదాని లోపల కట్టర్ గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంచులకు ఆకురాయి తగల్లేదు. చిన్న మీటలు రేకు నొక్కి చేసినవి, పిడికి ప్లాస్టిక్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హడావుడిగా చేసిన సరుకని ముసలాయనే ఒప్పుకున్నాడు. పైన నలుపు మొన్నమొన్న వేసిందే. దిగాలుగా ఉన్నదాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాను. ప్రతి మీటా గట్టి ఇనుములోంచి కోసి తీసిందే. విప్పితే తప్ప కనబడని చోట కూడా అంచులు చేత్తో అరగదీశారు. గోరంత ముక్క మీద కూడా పిస్తోలు మీదున్న నంబరే, అంటే ఏ భాగమూ మార్చలేదన్నమాట. దాన్ని చేసినవాడి నెత్తిన యల్లా యల్లా అని తొందరపెట్టే ముదీర్, అదే మేనేజరు, ఉండి ఉండడు. నాకు నిజంగా వాడిమీద అసూయ కలిగింది.

"యే వాలా" అని ఆ దిగాలుగా ఉన్నదాన్నే చూపించాను. ఎందుకో వివరించాను కూడా. ఈ హిందీవాడికి, అంటే ఇండియావాడికి, కళ్ళున్నాయని ముసలాయన నవ్వాడు. అర్బాబ్ అదే కొన్నాడు. దారిలో నా భుజం తట్టి, వచ్చే వారం సంతకం పెడతానన్నాడు.

అద్దాల పెట్టెలో దాన్ని నిలబెట్టడానికి ఇత్తడి స్టాండు చేయమని, తూటాలు పెట్టే మ్యాగజీన్ తన దగ్గరే ఉంచుకుని, పిస్తోలును షాపు ఆఫీసులోని ఇనప్పెట్టెలో పెట్టాడు. తాళంచెవి నాకిచ్చాడు. ఆ నమ్మకానికి నేను పొంగిపోయాను.

ఆదివారం దసరా. మన పండగకు సెలవెక్కడిది? అయినా ప్రతి ఏడూ మధ్యాహ్నం తిండి వేళలో పనిముట్లన్నీ తోమి, బొట్టుపెట్టి దండం పెట్టేవాళ్ళం. మైక్రోమీటర్, వెర్నియర్, కట్టర్లు అన్నీ వరసగా పేర్చాను. ఆ పిస్తోలు గుర్తొచ్చింది. నా బతుకు మార్చబోయే ఆయుధం, దానికి ఆ మచ్చలతోనే బొట్టు పెట్టాలా అనిపించింది. కిరోసిన్, సన్న ఎమరీ కాగితం తీశాను.

నా పక్క లేత్ మీద పనిచేసే జగిత్యాల తమ్ముడు వారించాడు. "అన్నా, అది అర్బాబ్ సామాను. మనకెందుకే? ఉన్నదున్నట్టు ఉండనీ."

"పనిముట్టుకు తుప్పుతోనే పూజ చేస్తార్రా ఎవరన్నా?" అని కసిరాను.

వాడు చెప్పింది వింటే నా సొమ్మేం పోయేది? సగం పోయిన పూత ఉంటేనేం, పోతేనేం అనుకున్నాను. గంట తోమితే వెండి గిన్నెలా తెల్లగా వచ్చింది. కుంకుమ పెట్టి, తిరిగి బొట్టు తుడిచి, నూనె రాసి లోపల పెట్టాను.

సాయంత్రం అర్బాబ్ తన స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. పాత తుపాకులు పోగుచేసే మనిషి. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూసి, ఎవరు చేశారిది అని అడిగాడు. మెచ్చుకుంటాడేమోనని నేను ముందుకొచ్చాను, నా మొహం తగలెయ్య! ఫ్యాక్టరీలో వేసిన ఆ నల్లపూత, ఎంత అరిగినా సరే, దాని ప్రాణమని ఆయన చెప్పాడు. ఇప్పుడిది ఉత్త ఇనుప ముక్క అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అర్బాబ్ చెయ్యి చాచి నా దగ్గర్నుంచి ఇనప్పెట్టె తాళంచెవి తీసుకున్నాడు. రెండు తిట్టినా బాగుండేది.

వారం ఆగి కాగితం ఆయన ముందు పెట్టాను. "వో కాలా రంగ్ వాపస్ లావ్, సైన్ లేజావ్" అన్నాడు. ఆ నలుపు తిరిగి తెస్తేనే సంతకమట. తుడిచేసిన నలుపు ఎక్కణ్ణుంచి తేను? తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ మంచిదేదో చెబితే సంతకం పెడతానన్నాడు కదా, నేను చెప్పింది మంచిదే కదా! ఆ మాట ఆయన ముందు అనడానికి నోరు రాలేదు. అందుకు నామీద నాకు ఇప్పటికీ మంటే. జెబెల్ అలీవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు, తర్వాత ఇంకెవరినో పెట్టుకున్నారు.

మరుసటి ఏడు చివర్లో మాంద్యం వచ్చి, పనులు ఆగిపోయి షాపు సగం ఖాళీ అయింది. అర్బాబ్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. బల్లమీద నా వీసా క్యాన్సిల్ కాగితం ఉంది. ఈసారి నేను అడక్కుండానే పెన్ను తీసి సంతకం పెట్టాడు.