నేను కల్పించిన క్లారినెట్ మనిషి

సమాధుల మధ్య పని నేర్చుకున్నవాణ్ణి నేను. మాది బాప్టిస్టు కుటుంబం. విజయనగరం చుట్టుపక్కల సమాధుల తోటల్లో రాళ్ల మీద పేర్లు రాయడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. పదిహేనేళ్ల వయసు నుంచి ఒక్కణ్ణే అక్కడ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తిని, ఏదో ఒక రాతి నీడన కునుకు తీసి, లేచి మళ్లీ రాసుకునేవాణ్ణి. ఏనాడూ ఏదీ కనిపించలేదు. ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే, జ్వరం ఏమైనా ఉందా అని అడిగే రకాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం సంగతి కూడా కాదు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తర్వాత విజయనగరంలో మా ఇంటి ముందుగదిలోనే బోర్డులు రాసే షాపు పెట్టుకున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. సినిమావాళ్లు మాత్రం అప్పుడప్పుడూ వెతుక్కుంటూ వస్తారు. పాత బోర్డు కావాలంటే చేత్తో రాసిన అక్షరమే కావాలి వాళ్లకి. రెండేళ్ల కిందట అలాగే ఒక చిన్న సినిమాకి పిలిచారు. మూతబడిపోయిన పెళ్లి బ్యాండుని మనవలు మళ్లీ తెరిచే కథ. గజపతినగరం బజారులో ఒక పాత పెంకుటిల్లు తీసుకుని దాన్ని బ్యాండు ఆఫీసుగా మార్చారు. బ్యాండు పేరు చంపావతి బ్యాండు పార్టీ. అలాంటి బ్యాండు ఏదీ లేదు. సినిమా కోసం పుట్టించిందే.

పెద్ద డ్రమ్ము మీద పేరు రాశాను. గుమ్మం మీద బోర్డు రాశాను. ఆ తర్వాత ఆర్ట్ డైరెక్టరు కిరణ్ ఇంకో పని చెప్పాడు. బ్యాండు పెట్టిన తాతలు ఐదుగురి బొమ్మ ఒకటి లోపల గోడకి వేలాడాలి. ఎర్రకోట్లు, టోపీలు, చేతుల్లో వాయిద్యాలు, కింద పేర్లు.

"ఎవరి ఫొటో చూసీ వెయ్యకండి. రేపు ఎవరో వచ్చి మా తాత బొమ్మ ఎందుకు పెట్టారంటే గొడవ. ముఖాలు, పేర్లు అన్నీ మీరే కల్పించండి," అన్నాడు.

మూడడుగుల ప్లైవుడ్ ముక్క మీద ఎనామిల్ రంగులతో మొదలుపెట్టాను. నాలుగు ముఖాలకి నాలుగు రోజులు పట్టింది. ఐదోవాడు క్లారినెట్ మనిషి. వాడు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేశాడు. చెరిపింది లేదు, దిద్దింది లేదు. ముప్ఫై ఏళ్లు దాటని మనిషి, నున్నగా గీసిన ముఖం, కాస్త పక్కకి చూపు. ఎడమ కనుబొమ్మ వేస్తుండగా వీధిలో బస్సు హారను మోగి చెయ్యి అదిరింది. కనుబొమ్మ మధ్యలో సన్నటి ఖాళీ పడింది, పాత దెబ్బ మచ్చలాగా. బాగానే ఉందనిపించి వదిలేశాను. రోజూ చేసినట్టే పని కట్టేసే ముందు ఫోనులో ఒక ఫొటో తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కిరణ్ ఫోన్ చేశాడు. పాతకాలం వాళ్లు కాబట్టి ఐదుగురికీ గుబురు మీసాలు ఉండాలన్నాడు. నలుగురికి అప్పటికే ఉన్నాయి. క్లారినెట్ మనిషికి కూడా మీసం పెట్టాను. ఆ చేత్తోనే కనుబొమ్మ మధ్య ఖాళీని పూడ్చేశాను. పేరు సూర్యనారాయణ అని రాశాను.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మీసం లేని ఆ ముఖాన్ని నేను తప్ప ఎవరూ చూడలేదు. నా షాపులో ఒక్కణ్ణే ఉండి వేశాను. ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. మా ఆవిడ రత్నకుమారికి కూడా చూపించలేదు.

నటులకి వాయిద్యాలు పట్టుకోవడం నేర్పడానికి నెల్లిమర్ల నుంచి పెంటయ్య అనే బ్యాండు మేస్టారు వచ్చేవాడు. బొమ్మని గోడకి తగిలించగానే చూసి నవ్వాడు.

"ఏటి పెయింటరు గారూ, క్లారినెట్టుకి ఎడం సెయ్యి కిందకెట్టీసినారు? కుడి సెయ్యి కదా కిందుండాల. అలగ ఎవుడూ వాయించడు."

సిగ్గేసింది. మార్చేస్తానన్నాను. థియేటర్లో ఎవరికీ తెలియదు, వదిలెయ్యమన్నాడు కిరణ్.

షూటింగు మూడోరోజు పొద్దున్న పదకొండు గంటలప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని బోర్డు పాతగా కనిపించడానికి దాని మీద దుమ్ము రంగు పూస్తున్నాను. వీధి నిండా జనం. ఒక ముసలావిడ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది. నటుల వైపు కాదు, గోడ వైపు. షాట్ అయిపోయి అందరూ టీకి వెళ్లాక ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చేసింది. వెనకాలే నలభై అయిదేళ్ల మనిషి ఇబ్బంది పడుతూ వచ్చాడు.

"మాయమ్మండి. సెప్తే ఇనదు. ఏటనుకోకండి," అన్నాడు.

ఆవిడ పేరు గవరమ్మ. ఆయన కొడుకు అప్పలనాయుడు. దగ్గర్లోని పల్లెలో టైలరు. బట్టల కోసం బజారుకొచ్చి, జనాన్ని చూసి ఆగారు. ఆవిడ తిన్నగా వెళ్లి బొమ్మ ముందు నిలబడింది. మిగతా నలుగురి వంక చూడనైనా లేదు.

"ఈ పేరేటిరా?" అని కొడుకుని అడిగింది.

"సూర్యనారాయణ అని ఉన్నాదే."

"తప్పు రాసినారు. సింహాచలం," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇది నివ్వే గీసినావా బావు?"

"అవునమ్మా."

"మా ఇంటాయన్ని ఎక్కడ సూసినావు?"

ఇది సినిమా అనీ, ఇవన్నీ ఊహించి వేసిన ముఖాలనీ చెప్పాను. ఆవిడ విన్నట్టు లేదు. కొడుకే గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. వాళ్ల నాన్న సింహాచలం బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. అప్పలనాయుడు ఆరు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు రాయగడ వైపు పెళ్లికి వెళ్లి, తిరిగొస్తూ ఏదో స్టేషన్లో టీ తాగొస్తానని రైలు దిగాడట. రైలు కదిలింది. ఆయన ఎక్కలేదు. బ్యాండువాళ్లు ఇంటికి వచ్చి క్లారినెట్ పెట్టె ఇచ్చి వెళ్లారు. అంతే. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. అసలు ఎప్పుడూ తీయించుకోలేదట.

జాలేసింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి, చేతిలో క్లారినెట్ కనిపిస్తే చాలు, ఏ ముఖమైనా ఆ ముఖమే అవుతుంది. సమాధుల దగ్గర ఇలాంటివి చాలా చూశాను. అదే మాట కొడుకుతో మెల్లగా అన్నాను. ఆయన కూడా తల ఊపాడు.

ఆవిడ బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే అంది. "సెయ్యి సరిగ్గా గీసినావు. ఎడం సెయ్యి కిందే ఎట్టీవోడు. ఎందరు తిట్టినా మార్సుకోనేదు."

నాకు పెంటయ్య మాట గుర్తొచ్చింది. అయినా బొమ్మలో కనిపిస్తున్నదే కదా చెబుతోంది అనుకున్నాను.

"మీసం మాత్రం నేదు. ఎప్పుడూ పెంచనేదు," అంటూ ఆవిడ వేలు పైకి జరిపి ఎడమ కనుబొమ్మ మీద పెట్టింది. సరిగ్గా మధ్యలో. "సిన్నప్పుడు తాటిమట్ట గీసుకుపోనాది ఇక్కడ. ఆ తెగుడు ఎందుకు కప్పెట్టీసినావు?"

ఎందుకు వెయ్యలేదు అనలేదు. ఎందుకు కప్పావు అంది.

ఎనామిల్ రంగు కింద ఏముందో పైకి తెలియదు. తర్వాత ఆ బొమ్మని ఎండలో ఏటవాలుగా పెట్టి, భూతద్దంతో కూడా చూశాను. ఏ గీతా లేదు.

జేబులోంచి ఫోను తీశాను. ఆ ఫొటో ఓ పట్టాన దొరకలేదు. దొరికాక ఆవిడకి అందించాను. రెండు చేతులతో పట్టుకుని కళ్లకి దగ్గరగా తెచ్చుకుంది. ఏడవలేదు. కాసేపటికి కొంగు తలమీదికి లాక్కుంది, ఎదురుగా పెద్దమనిషి ఎవరో వచ్చి నిలబడినట్టు. ఫోను కొడుకు చేతికిచ్చింది.

"సూడు. మీ నాన్న," అంది.

అప్పలనాయుడు చాలాసేపు చూశాడు.

ఆ బొమ్మ తనకి కావాలని అడిగింది. నేను సరేనన్నాను గానీ, అక్కడే చిక్కు ఉంది. కథలో బ్యాండు ఆఫీసుని ఖాళీ చేయించేవాడు కోట్లు, డ్రమ్ము, తాతల బొమ్మ పెరట్లో మంటలో వేసేస్తాడు. ఆ సీను ఇంకో వారంలో ఉంది. కిరణ్‌ని బతిమాలాను. కాల్చడానికి అచ్చంగా అలాంటిదే ఇంకోటి వేసిస్తాను, అసలుది నాకు వదిలెయ్యమన్నాను. లోపలి సీన్లు అయిపోయాయి కాబట్టి ఒప్పుకున్నాడు.

బొమ్మని విజయనగరం తెచ్చుకుని నకలు మొదలుపెట్టాను. నాలుగు ముఖాలు దిగిపోయాయి. ఐదోది దిగలేదు. కొలత కోసం గళ్లు కొట్టి చూశాను. మైనపు కాగితం పెట్టి గీత గీతా ఎత్తి చూశాను. కొలతలన్నీ సరిపోయాయి. మనిషి మాత్రం వేరే మనిషే. నా చేతిలో పని అలా తప్పడం నాకు తెలియదు. మూడోసారి చెరుపుతుంటే రత్నకుమారి వచ్చి చూసింది.

"మంటలో ఏసేదానికి పోలికెందుకండీ? సినిమావోలది సినిమావోలకిచ్చీండి," అంది.

కాల్చే రోజు పొద్దున్న, బొమ్మకి వెనక కొక్కేలు బిగిద్దామని బజారుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నకలు కోసం ప్రొడక్షన్ వ్యాను వచ్చి వెళ్లిపోయింది. రెండు బోర్డులూ పాత దుప్పట్లలో చుట్టి ఉన్నాయి. రత్నకుమారి వంటింట్లో ఉంటే, డ్రైవరు గుమ్మానికి దగ్గరగా ఉన్నది ఎత్తుకుపోయాడు. మిగిలినదాని దుప్పటి తీసి చూశాను. నకలు.

కిరణ్ ఫోను స్విచ్ ఆఫ్. షాట్ జరిగేటప్పుడు అందరివీ కట్టేయిస్తారు. నకలుని బండి వెనక తాళ్లతో కట్టి బయల్దేరాను. గాలికి బోర్డు నన్ను పక్కకి లాగుతోంది. దారిలో రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి. ఒక్కో పెట్టెనీ లెక్కపెడుతూ నిలబడ్డాను. అది ఒట్టి ప్లైవుడ్ ముక్క అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నాకు ఎక్కలేదు. ఒక మనిషిని కాల్చబోతున్నారన్న భయమే పట్టుకుంది.

వెళ్లేసరికి పెరట్లో మంట లేచింది. కోట్లు కాలుతున్నాయి. ఆ వేషం కట్టినాయన బొమ్మని రెండు చేతులతో తలపైకి ఎత్తాడు. కెమెరా తిరుగుతోంది. నేను తిన్నగా మధ్యలోకి నడిచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

డైరెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. కుర్రవాడు. కోపంతో ముఖం ఎర్రబడిపోయింది. "ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు?" అన్నాడు.

నోటికి వచ్చింది చెప్పాను. "ఈ బొమ్మలో ఉన్నాయన భార్య బతికే ఉందండి."

కిరణ్ తల దించుకున్నాడు. పక్కనే ఉన్న పెంటయ్య ముందుకొచ్చి బొమ్మని ఆ నటుడి చేతుల్లోంచి తీసుకుని గోడకి ఆనించి, నా బండి మీది నకలు తెచ్చి ఇచ్చాడు. మళ్లీ మంట వేశారు. మళ్లీ తీశారు. నకలు ప్లైవుడ్ కాలినట్టే కాలింది. ఇంకేమీ జరగలేదు. ఆ జట్టు మళ్లీ నన్ను ఏ సినిమాకీ పిలవలేదు. వాళ్ల తప్పేం లేదు.

ఇంటికొచ్చి మీసం మీద చర్మం రంగు వేశాను. కనుబొమ్మ మధ్యలో ఖాళీ తీశాను. పేరు మార్చి సింహాచలం అని రాశాను. ఆదివారం ఆరాధన అయ్యాక బొమ్మ తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. నడిమింటి గోడకి తగిలించాం. గవరమ్మ కోడల్ని టీ పెట్టమని లోపలికి పంపింది. కొడుకుని పాలకి పంపింది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు బావు. ఎక్కడున్నాడు?"

"నాకు తెలీదమ్మా. నేను ఆయన్ని చూడలేదు."

"నాకు సెప్పొద్దని మాట తీసుకున్నాడేటి?"

"లేదమ్మా."

"అక్కడ ఆడమనిషుందా? పిల్లలున్నారా? ఉంటే ఉండనీ. నానేటీ అనను. ఎవులికీ సెప్పను." చేత్తో నుదురు తాకింది. "ఈ బొట్టు ఎట్టుకోడం తప్పో ఒప్పో తెలాల కదా నాకు. బతికున్నాడను, సాలు. సచ్చిపోనాడను, అదీ సాలు. ఏదో ఒకటి సెప్పు."

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయాను. చూడలేదనే మళ్లీ చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు. నేను అబద్ధం చెబుతున్నానని తెలిసినట్టు, ఎప్పటికైనా నిజం చెబుతానన్న ఓపికతో చూసింది. ఆ చూపు తట్టుకోలేక టీ సగంలో వదిలేసి లేచాను.

తర్వాత నేను వాకబు చేయకపోలేదు. పెంటయ్యని అడిగాను. నెల్లిమర్ల, గజపతినగరం పాత బ్యాండువాళ్లని కలిశాను. ఎడమ చెయ్యి కింద పెట్టి వాయించే సింహాచలాన్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. చిన్నప్పుడు ఏ పెళ్లి ఊరేగింపులోనో చూసి ఉంటారు, అది లోపల ఉండిపోయి ఉంటుంది అంటుంది రత్నకుమారి. అప్పుడు నాకు ఐదారేళ్లు ఉంటాయి. కావచ్చు. కానీ ఆ మచ్చ నేను గుర్తుపెట్టుకుని వేసింది కాదు. బస్సు హారనుకి చెయ్యి అదిరితే పడింది. పోనీ అదీ ఒప్పుకున్నా, రంగు కింద కప్పినదాన్ని ఆవిడ ఎలా చూసింది?

రెండు మూడు నెలలకోసారి అప్పలనాయుడు ఫోన్ చేస్తాడు. మొహమాటంగా కుశలం అడుగుతాడు. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది, "అడుగురా" అని. నేను చూడలేదనే చెబుతాను. ఈమధ్య ఆ మాట చెబుతున్నప్పుడు నాకే నమ్మకం కుదరడం లేదు.