టెస్ట్ ట్యూబులో ఇటుక రంగు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే రకాన్ని. కానీ ఇది పట్టపగలు, నా చేతుల్లోనే జరిగింది. అందుకే రాస్తున్నాను.

అరవైల మొదట్లో జహీరాబాద్ బడిలో సైన్సు టీచరుగా ఉండేవాణ్ణి. ఇరవై ఆరేళ్లకు మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ కాలేజీలో ఒక వెసులుబాటు ఉండేది. ముందే ఒక పరీక్ష పాసైతే బయోకెమిస్ట్రీ కోర్సు నుంచి మినహాయింపు ఇచ్చేవారు. అసలే ఆలస్యంగా బయలుదేరినవాణ్ణి, ఎలాగైనా పాసవ్వాలని పంతం పట్టాను.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్క. మొగుడంపల్లిలో ఉండేది. వేసవి సెలవులకు రమ్మని కబురు పెడితే, చదువుకోవాలి, రానన్నాను. తోటి టీచర్లంతా ఊళ్లకు పోయారు. అద్దె గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. పలకరించే మనిషి లేక, చదివిందంతా గోడకు అప్పజెప్పేవాణ్ణి. ఒక్కోసారి ఏడుపొచ్చేది.

పరీక్షలో ప్రాక్టికల్ కూడా ఉండేది, మూత్రంలో చక్కెర ఉందో లేదో చూడటం. బడి లాబ్ నుంచి టెస్ట్ ట్యూబులు, స్పిరిటు దీపం తెచ్చుకున్నాను. నీలం ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి కాచాలి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. బాగా ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. నాకు దొరికిన రోగిని నేనే కనక రోజూ నాదే చూసుకునేవాణ్ణి. రోజూ నీలమే.

ఒక మంగళవారం మధ్యాహ్నం అది ఇటుక రంగుకు తిరిగింది.

ట్యూబు సరిగా కడగలేదేమోనని కొత్తది తీశాను. మళ్లీ అదే రంగు. ఉత్త నీళ్లు వేసి కాస్తే నీలంగానే ఉంది, అంటే ద్రావణంలో లోపం లేదు. మూడోసారి నాది కాచాను. ఎర్రగా అడుక్కి దిగింది. చక్కెర జబ్బు! ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

దవాఖానకు పరుగెత్తాను. కాంపౌండరు నా ముందే పరీక్ష చేసి నీలం ట్యూబు చూపించాడు.

“ఏం లేదు సారూ, ఉత్తగ ఫికర్ చెయ్యకున్రి. జర వేళకు తినున్రి.”

గదికొచ్చి నేనూ చూసుకున్నాను. నీలమే. బతికిపోయానని సంబరంగా హోటలుకు పోయి కడుపునిండా పూరీలు తిన్నాను.

మర్నాడు పొద్దున బావ వచ్చాడు. ముందురోజు మధ్యాహ్నం అక్క ఉన్నట్టుండి స్పృహ తప్పిందట. దవాఖానకు తెద్దామని బండి కట్టేలోపే ప్రాణం పోయిందట.

“నెల సంది ఒకటే దూప శివా. కుండలకు కుండలు నీళ్లు తాగింది. మనిషి సగమైంది. నీకు పరీచ్చ ఉన్నదని చెప్పనియ్యలే.”

అవి చక్కెర జబ్బు లక్షణాలు, నేను గోడకు అప్పజెప్పినవే. పరీక్ష పాసయ్యాను. నలభై ఏళ్లు డాక్టరుగా పనిచేశాను. ఆ మూడు ట్యూబులు ఎందుకు ఎర్రబడ్డాయో ఇప్పటికీ చెప్పలేను. అది తెలియనందుకు నాకు బాధ లేదు. కానీ ఆ రోజు గది బయట నా సైకిలుంది, మొగుడంపల్లి ఎంతో దూరం కాదు. ఆ రంగు చూసి నేను నా ప్రాణం గురించే భయపడ్డాను. అక్క ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.