చిన్నమ్మ పత్తిచేన్లో పన్నెండు వజ్రాలు

ముందు నాకొక టీ చెప్పండప్పా. ఆ గ్లాసు కొంచెం చేతికియ్యండి, నడుము వంగల్యా. నవ్వండి, నవ్వండి! మొన్న ఆదివారం నేను పడిన భయం మీలో ఎవురన్నా పడింటే, ఈ గేములూ వద్దు, ఈ కామిక్సూ వద్దని కల్లూర్లో చీరలంగడి పెట్టుకునుందురు. ప్రాణంతో వస్తి, అదే పదివేలు.

మా గేము సంగతి కొందరికి తెల్సు, తెలీనోళ్లకు ఇంకోసారి చెప్తా. ఫోను చేతిలో పట్టుకుని బయట నడవాల. మ్యాపులో మేము దాచిన తావుకు వస్తే ఫోను వణుకుతాది, స్క్రీన్ మీద వజ్రం మెరుస్తాది. తుగ్గలి దిక్కు తొలకరి వాన పడితే చాలు, జనం చేలల్లో పడి వజ్రాలు ఎతుకుతారు కదా, ఆ ఐడియానే. కోడింగ్ నాది. బొమ్మలు ఖాజా అన్నవి. వారం వారం ఫోన్లో కామిక్స్ పెడతాడు చూడండి, ఆయన. వజ్రం దొరికినప్పుడు అరిచే గొంతు కూడా ఆయనదే. "కొంచెం ఫీల్‌తో చెప్పన్నా" అంటి నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఈ రోజు ఈ మీటప్‌లో మీ అందరి ముందర గేము డెమో పెట్టాల కదా. కల్లూర్లో టెస్టు చేస్తే ఇండ్ల మధ్య జీపీఎస్ ఎగిరెగిరి పడతాది, వజ్రం పోయి ఎవురిదో బాత్రూంలో తేలతాది. బయలు కావాల. ఆలూరు కాడ మా చిన్నమ్మకు నాలుగెకరాల చేను ఉండాది. ఇంట్లో కూసునే, మ్యాపులో ఆ చేను మీద పన్నెండు వజ్రాలు పెట్టేస్తి.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, చిన్నాయన పోయినాక ఒక్కతే సేద్యం చేస్తాది. ఈ ఏడు మొదట ఏసిన పత్తి వాన ల్యాక మాడిపాయె. రెండోసారి ఏసినేది ఇప్పుడు రెండాకుల మీదుండాది. "ఇది గూడా పోతే మూడోసారి ఏసేదానికి గింజలూ లేవు, అదునూ లేదు. ఆ చేన్లోకి మేకను గూడా రానియ్యను సుజాతా" అని అంతకు ముందే ఫోన్లో చెప్పిండె. నేనేమన్నా మేకనా? అనుకుంటి.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగితి. ముందు రోజు వాన పడింది, నేల మెత్తగుండాది. చిన్నమ్మకు చెప్తే "కూసో, తిను" అని మధ్యాహ్నం చేస్తాది, ఒక గంట పని, అది అయినాకే ఇంటికి పోదాంలే అని నేరుగా చేన్లోకి దిగితి. కొత్త స్పోర్ట్స్ షూ. ఫోను వాల్యూమ్ ఫుల్. టెస్టింగ్ కదా!

నాలుగడుగులు ఏయడం, ఆగడం, తిరగడం, కిందికి వంగడం, మల్ల ఇంకో దిక్కు నడవడం. దావన పోయేటోళ్లకు నేను ఎట్ల కనపడతాండానో నాకు తట్టనే ల్యా!

మొదటి వజ్రం కాడికి పోతి. ఫోను వణికె. ఖాజా అన్న గొంతు ఆ బయల్లో ఖంగుమనె.

"వజ్రం దొరికింది రోయ్! దొరికిందీ!"

రోడ్డు మీద పోయే షేర్ ఆటో ఆగె. తలకు టవలు చుట్టుకున్న ఒకాయన తల బయటికి పెట్టి, "ఏం పాపా, నిజంగా దొరికిందా?" అనె.

నేనేం చేయాల? ల్యాదన్నా, ఇది గేము అని చెప్పాల. నేనేం చెప్తి? టెస్టు పాసయిందన్న సంతోషంలో చెయ్యెత్తి మరీ, "దొరికిందన్నా! ఇంకా పదకొండుండాయి!" అంటి.

ఆటో ఖాళీ అయిపాయె. డ్రైవర్‌తో సహా!

అప్పుడన్నా నాకు బుద్ధి రావాల కదా. వాళ్లు ఫోన్లు తీసి ఊర్లోకి చేసిరి. పక్క చేన్లో కలుపు తీసేటోళ్లు వచ్చిరి. గొర్రెలు కాసే తాత గొర్రెలను గట్టుమీదే ఇడిసిపెట్టి వచ్చె. అరగంటలో నలభై మంది! అందరూ తలలు వంచుకుని చేనంతా ఎతుకుతాండారు.  చిన్నమ్మ చేను! రెండాకుల పత్తి! "అయ్యా, బయటికి పోండయ్యా, ఈడేం లేవు" అని మొత్తుకుంటి. ఎవురింటారు? వద్దనే కొద్దీ ఇంకా గట్టిగా ఎతుకుతాండారు.

ఇంతలో బండి మీద ఇద్దరొచ్చిరి. వజ్రాలు కొనే యాపారి మనుషులంట. తిన్నగా నా ముందరికొచ్చి నిలబడిరి. ఒకడు శానా మెల్లిగా అడిగె. ఆ మెల్లిగా అడగడమే నాకు భయం.

"రాయి తీయ్ పాపా. మంచి రేటిప్పిస్తాం. ఎవురికీ చెప్పం."

"రాయి కాదన్నా. అది ఫోన్లో ఉండాది."

వాడు నా ఫోను తీసుకుని, వెనక కవరు ఊడబీకి, లోపల చూసె. "ల్యాదే?"

"నిజం రాయి కాదన్నా, ఉత్తుత్తిది! గేము!"

పక్కనున్న ముసలామె నన్ను కిందికీ మీదికీ చూసె. "ఈయమ్మ చదువుకున్నదాని మాదిరుండాది. ఉత్తుత్తి వజ్రం కోసరం ఇంత దూరమొచ్చి ఎండలో తిరిగేదానికి యెర్రిదా ఏం? దాచిపెట్టినాది!"

అంతే, జనం ఒకడుగు ముందుకు జరిగిరి. రెండో మనిషి కండ్లు నా బ్యాగు మీదుండాయి. బ్యాగు గట్టిగా పట్టుకుంటి. అమ్మా నాయనా అందరూ కండ్ల ముందర తిరిగిరి. "ఉండండి, ఉండండి, సాక్ష్యం చూపిస్తా" అని ఫోను లాక్కుని ఖాజా అన్నకు స్పీకర్లో చేస్తి.

"అన్నా, ఆ అరిచిన గొంతు నీదేనని వీళ్లకు చెప్పన్నా! బిన్నా, తొందరగా చెప్పు!"

ఆయన ఇంట్లో బిర్యానీ ముందర కూసునిండాడు. "ఓస్, అంతేనా? ఇదో ఇనండి" అని గొంతు సవరించుకుని, మునుపటికంటే రెండింతల ఫీల్‌తో అందుకునె: "వజ్రం దొరికింది రోయ్! దొరికిందీ!"

దగ్గరున్నోళ్లు మొగాలు చూసుకునిరి. కొంచెం నమ్మినట్లే ఉండారు. కానీ రోడ్డు మీద అప్పుడే బస్సు దిగినోళ్లకు ఇదంతా ఏం తెల్సు? ఇంకో ఇరవై మంది చేన్లోకి ఉరికొచ్చిరి!

"పెట్టేయన్నా ఫోను!" అని అరిస్తి.

అప్పుడు గట్టు మీద నుంచి ఇంకో అరుపు ఇనపడె. "ఎవుర్రా నా చేన్లో?"

చిన్నమ్మ. చేతిలో ముల్లుగర్ర. యాపారి మనుషులంటే భయపడినానంటినే, అదంతా ఒట్టిది. అసలు భయమంటే ఇది! జనమంతా గట్టెక్కేసిరి. చేను నడిమధ్య నేనొక్కదాన్నే మిగిల్తి.

"సుజాతా? నువ్వా?"

ఏడుస్తా మొత్తం చెప్పేస్తి. గేము, పన్నెండు వజ్రాలు, ఖాజా అన్న, బిర్యానీ, అన్నీ.  తిట్టింటే బాగుండు! ఆమె ముల్లుగర్ర ఆనించుకుంటా ఒక్కొక్క సాలు చూసుకుంటా పాయె. గట్టు మీద అరవై మందీ మెడలు సాచి నిలబడిరి. అందరూ సేద్యగాళ్లే, ఆమె ఏం చూస్తాందో వాళ్లకు తెల్సు. ఆ చివరదాకా పోయి తిరిగొచ్చేతలికి నా ప్రాణం సగం పాయె.

"ఇంతమంది తిరిగినారు" అనె చిన్నమ్మ. "అందరూ సాళ్ల మధ్యనే నడిచినారు. ఒక్క మొలక తొక్కల్యా."

అమ్మయ్య! అప్పుడు ఊపిరి పీల్చుకుంటి.

"మల్ల ఇవి ఎవురివి?"

ముల్లుగర్రతో చూపించె. మెత్తటి నేలలో అడుగున చుక్కల చుక్కల షూ గుర్తులు. సాళ్లకు అడ్డంగా, ఐమూలగా, వంకరటింకరగా, చేను ఈ మూల నుంచి ఆ మూలకు. దావలో ఉన్న మొలకలన్నీ పచ్చడి. గట్టు మీదోళ్లంతా ఒకేసారి నా కాళ్ల దిక్కు చూసిరి. యాపారి మనుషులు గూడా!

"వాళ్లు నేల చూస్తా నడిచిరి. నువ్వు ఫోను చూస్తా నడిచినావు" అనె చిన్నమ్మ. "మేకే నయం. తినే ముందరన్నా మొలకను చూస్తాది."

మొలక రాని కాడ సందులు పెట్టేదానికని ఆమె గుప్పెడు గింజలు దాచుకునుండాది. అది నా అదృష్టం. షూ ఇడిపించి గట్టు మీద పెట్టించె. ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దుగూకులూ, నేను తొక్కిన ప్రతి అడుగుకాడా నేనే వంగి గింజ పెడితి. ఒక్కొక్క గుర్తు ఆమె ఎతికి చూపిస్తాది, నేను వంగాల.

సోమవారం మధ్యాహ్నం అదే షేర్ ఆటో, అదే టవలాయన. నేను వంగి నేల గీకుతాండాను కదా, ఆటో నిదానం చేయించి తల బయటికి పెట్టె.

"ఏం పాపా, ఇంకా దొరుకుతాండాయా?"

నేను నోరు తెరిచేలోపలే చిన్నమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచె. "దొరికిందప్పా! ఇదో, మా అక్క కడుపున పుట్టిన వజ్రం. కావాలంటే ఊరికే ఎత్తుకపో!"

ఆయన నా దిక్కు ఒకసారి పైనుంచి కిందిదాకా చూసె.

"వద్దులే అక్కా, నీకే ఉండనీ" అని ఆటోను పోనిమ్మనె.