సత్తువ అడిగితే సత్తం వచ్చింది

మా మామగారి బండిని తెచ్చుకోవడానికి కోలారు బంగారు గనుల దాకా పోయి వచ్చాం. ఈ ప్రయాణంలో బంగారం ఎక్కడా తగల్లేదని ముందే చెబుతున్నాను. రెండు సైలెన్సర్లున్న పాత మోటార్ సైకిలు ఒకటి, దాని మీద పంతం పట్టిన నా భార్య పద్మ, ఫోన్లో మాట సరిగ్గా అందించలేని నేను, ఇంతే కథ.

పద్మ ఆ కోలారు గనుల ఊరు కేజీఎఫ్‌లోనే, లైన్లు అనే గని కార్మికుల వరస ఇళ్లలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న టింబర్‌మన్, అంటే సొరంగం కూలకుండా కొయ్య దన్నులు పెట్టే పని. ఆయన మోజుపడి కొన్న బండి ఇది. పెట్రోల్లో నూనె కలిపి పోసే రకం. పద్మ దాని ట్యాంకు మీద కూర్చుని బడికి పోయిందట. ఆయన పోయాక అది పలమనేరు పక్కన ఉన్న మా ఊరికి వచ్చింది. నేను పాలకేంద్రంలో పాలలో వెన్నశాతం కొలిచే ఉద్యోగానికి దాని మీదే పోతుంటాను.

ఈమధ్య దానికి లాగే శక్తి పోయింది. మా ఊరికి ముందు ఒక నిటారు మిట్ట ఉంది. ఇద్దరం ఎక్కితే సగంలోనే ఊపిరి వదిలేస్తుంది. అందుకని మిట్ట కింద మలుపు దగ్గర పద్మ దిగి నడవడం, నేను ఒక్కణ్నే పైకి పోయి కాచుకోవడం అలవాటైపోయింది. పైన టీకొట్టు నరసింహులు రోజూ ఒకటే పాట: "బండి వచ్చినాది, అక్క ఎనకమాల వస్తాండాది!" వినీ వినీ నాకు విసుగొచ్చింది. పాత బండ్లు కొనే బెంగుళూరు కుర్రాడొకడు అడిగితే, ఆదివారం వచ్చి చూసుకొమ్మని నోరు జారాను.

పద్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే షరతు పెట్టింది. "కేజీఎఫ్‌లో మునిరత్నం చిన్నాయన చేత సైలెన్సర్లు బాగుచేయిద్దాం. ఇద్దర్నీ మిట్ట ఎక్కిస్తే బండి మన దగ్గరే ఉంటాది, నువ్వు ఇంగ అమ్మే మాట ఎత్తగూడదు. ఎక్కించకపోతే తాళం నా చేత్తోనే ఇచ్చేస్తా." ఆ చివరి మాట అనేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. నాకు జాలేసింది.

మునిరత్నం మా మామగారి స్నేహితుడు, ఈ బండికి పాత మెకానిక్కు. మా ఊరి టమాటా టెంపో అటు పోతుంటే బండిని అందులో పంపించి, నేను ఫోన్ చేశాను. అవతల ఏదో ఇనుము కోస్తున్న మోత. "మామా, బండికి సత్తువ లేదు! సైలెన్సర్లు చూడు! సత్తువ బాగా రావల్ల!" అని అరిచాను. "అర్థమయింది అల్లుడూ, నాకొదిలిపెట్టు!" అన్నాడాయన మహా హుషారుగా. ఆ హుషారు వినైనా నాకు అనుమానం రావాల్సింది.

శనివారం పొద్దున ఆరు దాటాక పలమనేరులో ముళబాగల్ బస్సెక్కాం. ఒళ్లో చెరొక హెల్మెట్. కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "హెల్మెట్లుండాయి, బండి యాడమ్మా?" అన్నాడు.

"పుట్టింటికి పోయుండాది. తోడుకోని రావల్ల" అంది పద్మ. బస్సులో ముందు సీట్ల వాళ్లంతా వెనక్కి తిరిగి నవ్వారు.

నంగలిలో ఒక పెద్దావిడ పట్టుగూళ్ల మూటతో ఎక్కింది. దాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "గూళ్లకు గాలి తగలల్ల సామీ, లేకుంటే చెమటపట్టి చెడిపోతాయి. మీరిట్లా జరగండి." కిటికీ పక్క సీటు పట్టుగూళ్లకు ఇచ్చేసి నేను ఇవతలి సీటుకు జరిగాను. వాటికి వచ్చే ధర మీద ఆవిడ ఇంటి ఖర్చంతా ఆధారపడి ఉందని తెలిశాక, దారి పొడుగునా కిటికీ అద్దం జారకుండా నేనే పట్టుకుని కూర్చున్నాను.

ముళబాగల్‌లో దిగి దోసె తినకుండా బస్సు మారొద్దని, ఈ దారిన పోయేవాళ్లకు నా సలహా. మందంగా, అంచుల్లో కరకరలాడుతూ, నేతిలో మునిగి వస్తుంది. రెండోది చెప్పబోతుంటే కేజీఎఫ్ బస్సు హారను కొట్టింది. కర్ణాటక ఆడవాళ్లకు ఆ బస్సులో ప్రయాణం ఉచితం. పద్మ పుట్టింది అక్కడే అయినా ఆధార్ కార్డు ఆంధ్రాది, కాబట్టి కొనాల్సిందే. "నా ఊరికి నేను పోయేదానికి టికెట్టా!" అని బేతమంగళ వచ్చేదాకా గొణుగుతూనే ఉంది. చెరువు కనబడగానే మాత్రం గొణుగుడు ఆపి, "మా లైన్లకు నీళ్లు ఈడ్నించే వచ్చేవి" అని కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది.

పదిన్నరకల్లా కేజీఎఫ్‌లో ఉన్నాం. రాళ్లు పిండి చేసి బంగారం తీశాక మిగిలిన బూడిదరంగు మట్టి దిబ్బలు ఇళ్ల వెనక కొండల్లా లేచి ఉన్నాయి. ఆటోవాడితో పద్మ తమిళంలో బేరమాడింది, కన్నడంలో దారి చెప్పింది, తెలుగులో నన్ను త్వరగా ఎక్కమని కసిరింది.

మునిరత్నం షెడ్డు లైన్ల చివర ఉంది. మమ్మల్ని చూడగానే ఆయన పెళ్లికూతురి మేలిముసుగు తీసినట్టు బండి మీది గుడ్డ లాగేశాడు. సైలెన్సర్లు రెండూ మొహం కనబడేంత మెరుస్తున్నాయి. "ఇంగ చూడు అల్లుడూ!" అని కిక్కు కొట్టాడు.

ఆ మోతకు వీధి కుక్కలు తోకలు ముడిచి పరుగెత్తాయి. రేకుల కప్పు దడదడలాడింది. పద్మ గబుక్కున హెల్మెట్ పెట్టేసుకుంది. ఎదురింటి ముసలాయన, గనిలో పనిచేసినవాడే, లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి కేకేశాడు: "ఏం మునీ, గని సైరను మళ్లీ పెట్టినారా? షిఫ్టుకు రావల్లనా?"

మోత అంత ఉంటే లాగుడు ఇంకెంత ఉంటుందో అనుకుని పద్మను ఎక్కించుకుని షెడ్డు వెనక ఎత్తుకు పోనిచ్చాను. బండి సింహంలా గర్జించింది, నత్తలా నడిచింది. సగం కూడా ఎక్కకుండానే ఆగిపోయింది. బాగుచేయకముందే ఇంతకంటే నయం. నాకు కోపం నషాళానికంటింది.

"ఏం చేసినావు మామా దీన్ని?"

"నువ్వు చెప్పిందే చేసినా! సత్తం లేదు, సత్తం కావల్లంటివి గదా? బెంగుళూరు పిల్లోళ్లు కూడా అదే అడుగుతారు. లోపలుండే జల్లెడ గొట్టాలు పీకేస్తే సత్తం తన్నుకోని వస్తాది."

"సత్తం కాదు మామా, సత్తువ! సత్తువ!"

పొద్దున్నుంచి రాత్రి దాకా తమిళం వినే కేజీఎఫ్ చెవికి సత్తం అంటే చప్పుడు. మా పలమనేరులో సత్తువ అంటే బలం. మధ్యలో ఇనుము కోసే మోత ఒక అక్షరాన్ని మింగేసింది. పద్మకు నవ్వు ఆగలేదు, స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగి, "రేపే గదా ఆదివారం" అంది. బెంగుళూరు కుర్రాడు వచ్చే రోజది.

"ఆ జల్లెడ గొట్టాలు యాడుండాయి చిన్నాయనా?" అని తనే లేచింది.

ఒకటి పాత ఇనుము డబ్బాలో దొరికింది. రెండోది ఎంత వెతికినా కనబడలేదు. చివరికి పద్మే చూసింది: షెడ్డు కిటికీ తలుపు పడిపోకుండా కింద దన్ను పెట్టి ఉంది. "మా నాయన బండిదే. దన్ను పెట్టే పని బాగానే నేర్చుకునుండాది" అని దాన్ని లాక్కుంది. రెండు గొట్టాల చిల్లుల నిండా నల్లటి మసి పేరుకుపోయి, ఊదితే గాలి పోవడం లేదు. అసలు జబ్బు ఇదన్నమాట. పొగ బయటికి పోయే దారి పూడుకుపోయి బండికి ఊపిరాడలేదు. గొట్టాలు పూర్తిగా పీకేస్తే పొగ అడ్డూ ఆపూ లేకుండా పోయి, ఈ రకం బండికి నెమ్మదిలో ఉండే లాగుడు కూడా పోతుందట. ఇది ఒప్పుకుంటూ మునిరత్నం తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకున్నాడు.

ఆయన మంట చిమ్మే బ్లోలాంపుతో గొట్టాలను ఎర్రగా కాల్చి మసి రాల్చాడు. సైలెన్సర్ల లోపలి పని పద్మ తీసుకుంది. పాత సైకిల్ చైను ఒకటి అడిగి, దాన్ని సైలెన్సరులోకి దూర్చి, ఒక కొస నాకిచ్చి తనొక కొస పట్టుకుంది. "గట్టిగా కాదప్పా, రంపం లాగినట్టు లాగల్ల. మా నాయనా నేనూ ఇట్లే తీసేవాళ్లం." ఇన్నేళ్ల కాపురంలో నాకు ఈ విద్య ఎప్పుడూ చెప్పలేదు. అడిగింది ఎవరు గనక! చైను అటూ ఇటూ జారిన కొద్దీ కింద మసి కుప్ప పడింది. ముఖాలు చూసుకుంటే ఇద్దరం గనిలోంచి అప్పుడే పైకి వచ్చినవాళ్లలా ఉన్నాం.

మధ్యాహ్నం వాళ్లింట్లో రాగి ముద్ద, ఉప్పుసారు అనే పలచటి పప్పుకట్టు చారు. ఆకలి మీద రెండు ముద్దలు లాగించాను. మూడింటికి గొట్టాలు బిగించి మునిరత్నం మళ్లీ కిక్కు కొట్టాడు. ఈసారి కుక్కలు లేవలేదు. రెండు సైలెన్సర్ల నుంచీ గుక్క తిప్పుకున్నట్టు మెత్తగా, ఎడం ఎడంగా మాట వచ్చింది. పద్మ కళ్లు మూసుకుని విని, "ఇదీ మా నాయన బండి" అంది. మునిరత్నం ట్యాంకు తుడిచిందే తుడిచాడు.

వెనక ఎత్తు మీద పరీక్ష చేద్దామన్నాను. పద్మ వద్దంది. "తేలేది మన మిట్ట మీదే. ఈడ ఎక్కి ఆడ ఎక్కకుంటే నేను తట్టుకోలేను."

బేతమంగళ చెరువు గాలికి బండి హాయిగా పరుగెత్తింది. ముళబాగల్‌లో పొద్దున వదిలేసిన రెండో దోసె తినేశాను. నంగలిలో టీ తాగి మొదటి కిక్కుకే కదిలాం. పొద్దు వాలేవేళకు మా మిట్ట కింద మలుపు వచ్చింది. మేత నుంచి తిరిగొచ్చే ఆవులు అడ్డం రావడంతో వేగం తగ్గించి, అవి దాటాక గేరు మార్చి మిట్టకు తిప్పాను.

బండి ఎక్కింది! ఎక్కడమంటే మామూలుగా కాదు, గాలిలో తేలినట్టు ఎక్కింది. ఎప్పుడూ ఆగిపోయే వేపచెట్టు దాటేసింది. నాకు సంతోషం పట్టలేదు. "చూసినావా, మీ నాయన బండి!" అని కేకేశాను. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. పాపం, ఏడుస్తున్నట్టుంది, ఏడవనీలే అనుకున్నాను. పైకి చేరి టీకొట్టు ముందు రాజాలా ఆపాను.

నరసింహులు నా వెనకకు తొంగిచూశాడు. "బాగుండాది అన్నా. అక్క యాడ?"

తిరిగి చూస్తే సీటు ఖాళీ.

సిగ్గుతో చచ్చి, బండి తిప్పుకుని కిందికి దిగాను. పద్మ మలుపు దగ్గర హెల్మెట్ తీయకుండానే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "మలుపు రాంగానే కాళ్లు వాటంతటవే దిగేసినాయి. అరిచినాను, మీకు యాడ వినపడతాది? మీ గోల మీది" అంది. మేమిద్దరం మామూలుగా నువ్వు అనే అనుకుంటాం. కోపమొస్తేనే నన్ను మీరు అంటుంది.

మళ్లీ ఎక్కాం. పైన టీకొట్టు జనమంతా గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఈసారి తేలడమేమీ లేదు. బండి బరువుగా, మూలుగుతూ ఎక్కింది. వేపచెట్టు దగ్గర ఒక్కసారి దగ్గింది. కాలు నేల మీద పెట్టబోయాను. పద్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "నేను దిగను. పోనీ."

మొదటి గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదిలాను. బండి ఒక క్షణం ఆలోచించి, పట్టు దొరికించుకుని, మా ఇద్దర్నీ మోసుకుని మెల్లమెల్లగా మిట్ట మీదికి వచ్చింది. నరసింహులు గ్లాసు పైకెత్తాడు, పాట మాత్రం రాలేదు. నాకు టీ తాగాలనిపించి ఆపబోతే పద్మ, "ఇంటిదాకా పోనీ" అంది. అద్దంలో చూస్తే నవ్వుతూనే ఏడుస్తోంది.

ఇంటి ముందు ఇంకా దిగకుండానే నా ఫోను మోగితే పద్మే తీసుకుంది. బెంగుళూరు కుర్రాడు, రేపు ఎన్నింటికి రమ్మంటారని. బండి ఇవ్వడం లేదని పద్మ చెప్పింది. వాడు వదల్లేదు. "ఆ రెండు సైలెన్సర్ల సత్తం కోసమే ఆశపడినాను ఆంటీ. ఒక్కసారి వినిపించండి" అని బతిమాలాడు.

"సత్తం లేదప్పా," అంది పద్మ, ట్యాంకు మీద చెయ్యి వేసి. "సత్తువుండాది."